కన్ను పడని దండ

పొద్దున ఏడు కొట్టకముందే వేదశ్రీకి ఒళ్లంతా చెమటలు పట్టాయి. ఫ్యాను వేసుకుందామంటే పూలు వాడిపోతాయి. ముందు బుట్టెడు గులాబీలు, మరువం, తులసి, తడిగుడ్డలో అరటినార. పదిన్నరకు కార్వాన్ గల్లీలోని వేణుగోపాలస్వామికి కల్యాణం. ఆ కల్యాణం దండ ఈ ఏడు నేనే కడతానని ఇరవై మూడేళ్ల ఈ పిల్ల నోరు జారింది. ఇప్పుడు ఆ నోటిని ఎక్కడ దాచుకోవాలో తెలియడం లేదు.

నలభై ఏళ్లుగా ఆ దండ కట్టేది లక్ష్మయ్య. మొన్న ఎండాకాలంలో అతనికి కుడిచెయ్యి పడిపోయింది. గుడి అర్చకుడు రంగనాథాచారి, అంటే వేదశ్రీ తండ్రి, "ఇగ గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు చెప్పేస్త. ఫోన్ కొడితే దండ ఇంటికొస్తది" అన్నాడు.

"నేను కడ్త బాపూ."

ఆయన కూతురి ముఖం చూడలేదు, ఆమె చేతిలోని ఫోన్ చూశాడు. "అండ్ల చూసి నేర్చుకున్న దండనా? సరే. తొమ్మిదింటికి గుడికి రావాలె. లేకుంటే మార్కెట్ దండే. ఈ ఏడే గాదు, ఎప్పటికీ."

వెటకారమైతేనేం, మాట నిజమే. ఎనిమిది నెలలుగా వేదశ్రీ ఫోన్‌లోనే నేర్చుకుంది. మొదట వీడియోల మీద వీడియోలు దాచుకుంది. రెండువందలు దాటాయి గాని ఒక్క మూర దండ రాలేదు. దాచుకోవడంలో ఉన్న సుఖం నేర్చుకోవడంలో ఎక్కడిది! తర్వాత ఫేస్‌బుక్‌లో పూలు కట్టేవాళ్ల గ్రూపు ఒకటి దొరికింది. అక్కడ నియమం ఒక్కటే: బాగా వచ్చిన దండ పెట్టకూడదు, చెడిపోయిందే పెట్టాలి. పెట్టాక తలా ఒక మాట అంటారు, అందులో సగం చీవాట్లే. సాయంత్రాలు మార్కెట్లో మిగిలిపోయిన బంతిపూలు తెచ్చుకుని, చెడగొట్టి, ఫోటో పెట్టి, చీవాట్లు తిని, విప్పి, మళ్లీ కట్టి నేర్చుకుంది.

ఏడూ యాభైకి దండ రెండు పాయల్లో కుడిది అయింది. నిండుగా, ముద్దొచ్చేలా ఉంది. ఎడమ పాయ మాత్రం సగానికి వచ్చేసరికి మెలి తిరగడం మొదలుపెట్టింది. నేల మీద పరిస్తే బుద్ధిగా పడుకుంటుంది, ఎత్తితే గిర్రున తిరిగి గులాబీలన్నీ వెనక్కి ముఖం పెడతాయి. విప్పింది. కట్టింది. మళ్లీ అదే. నీళ్లు తాగుదామని లేచి వంటింట్లోకి వెళ్లి, తాగకుండానే వచ్చింది. గల్లీలో ఆటోవాడెవడో హారన్ మీద చెయ్యి తీయడం లేదు. టైం ఎనిమిదీ ఇరవై.

ఫోటో పెడితే నిమిషాల్లో ఎవరో ఒకరు దారి చెబుతారు. కానీ ఎలా పెట్టడం? ఆ గుడికి ఒక కట్టడి ఉంది. కల్యాణం దండను కట్టినవాళ్లు తప్ప, స్వామి మెడలో పడేదాకా ఇంకెవరూ చూడకూడదు. బట్ట కప్పి తెస్తారు. గర్భగుడి గడప దగ్గర అర్చకుడు "కన్ను పడలేదు కదా?" అని అడుగుతాడు. తెచ్చినవాళ్లు "పడలేదు" అనాలి. అప్పుడే ఆయన దండ అందుకుంటాడు.

రెండు పాయలకూ ఫోటో తీసింది. గ్రూపు తెరిచింది. పెట్టేసింది.

మొదట ఎర్ర గుండె బొమ్మలు వచ్చాయి, చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి, "సూపర్ సిస్" వచ్చింది. సూపరట! ఫోన్‌ను గోడకేసి కొట్టాలనిపించింది. నాలుగో నిమిషంలో ఖమ్మంలో పెళ్లిళ్లకు పూలు కట్టే షారోన్ వాయిస్ మెసేజ్ పంపింది: "చెల్లీ, రెండు పాయలకూ ముడి ఒక్క దిక్కే తిప్పుతున్నవ్. ఎడమదానికి ఎదురు తిప్పాలె. కుడిది ముట్టకు. ఎడమది విప్పు, భయపడకు, ఇరవై నిమిషాల పని."

ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఎత్తితే దండ తిన్నగా వేలాడింది. ఆ పోస్టును మూడువందల పద్నాలుగు మంది చూశారని ఉంది. తీసేసింది. ఇక ఎవరికి తెలుస్తుంది? గుడిదాకా నడిచినంతసేపూ ఇదే అనుకుంది. అనుకున్న ప్రతిసారీ దండ మీది బట్టను ఇంకాస్త సర్ది కప్పింది.

గడప పక్కనే లక్ష్మయ్య స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు, పడిపోయిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని. తండ్రి చేతులు చాపాడు.

"కన్ను పడలేదు కదా?"

ఒక్క మాట అంటే చాలు, ఈ సేవ తనదే.

"పడ్డది బాపూ," అంది వేదశ్రీ. "మెలి తిరుగుతుంటే ఫోటో పెట్టి అడిగిన. మూడువందల పద్నాలుగు మంది చూసిండ్రు."

రంగనాథాచారి చేతులు గాలిలోనే ఆగిపోయాయి. "ఎంత పని చేసినవే" అన్నాడు, అరవకుండా. అరిచినా బాగుండేదని ఆమెకు ఏడుపొచ్చింది. ఆయన మంటపం వైపు తిరిగాడు. "ఎవలన్న మార్కెట్‌కు ఫోన్ కొట్టుండ్రి."

"మార్కెట్ దండను బజారంత చూస్తది గద అయ్యగారూ," అన్నాడు లక్ష్మయ్య.

"దానికి నేను ఆ మాట అడగ. నలభై ఏండ్లు నువ్వు మాట నిలబెట్టినవ్ లక్ష్మయ్యా. గందుకే..."

"నిలబెట్టలే." ముసలాయన తల దించుకున్నాడు. "ఏటా మా ఇంటామె బుచ్చమ్మకు చూపించిన. ఆమె దూరం నిలబడి ఏ దిక్కు బరువున్నదో చెప్పేది. కట్టేటోనికి తన దండల వంకర కనబడది. నలభైసార్లు మీ ముంగట అబద్ధమాడిన. ఈ పిల్ల ఒక్కసారి గూడ ఆడలేకపోయింది."

రంగనాథాచారి లక్ష్మయ్య ఒళ్లోని చేతిని చూశాడు. బట్ట కింద దండ బరువుకు వేదశ్రీ చేతులు లాగుతున్నాయి. దించడానికి భయం, పట్టుకోవడానికి ఓపిక లేదు. ఆయన ఆమె దగ్గరికి వచ్చి దండ అందుకున్నాడు. బట్ట తీసి లోపలికి వెళ్లి స్వామి మెడలో వేశాడు. వెంటనే హారతి అందుకోలేదు. పక్కకు జరిగి నిలబడ్డాడు.

"లక్ష్మయ్యా, జర చూసి చెప్పు."

లక్ష్మయ్య స్తంభం పట్టుకుని లేచాడు. కళ్లు చిట్లించి చూశాడు. "ఎడమ దిక్కు వేలెడు కిందికున్నది అయ్యగారూ."

రంగనాథాచారి ఆ వేలెడూ పైకి సర్దాడు. కూతురి వైపు తిరగకుండానే అన్నాడు: "విన్నవా? వచ్చే ఏడు సరిగ్గ కట్టాలె."