ఐదో జుమాగీ

గుంటూరులో ఖాతూన్బీకి ఆపరేషన్ చేసి కడుపులో ముప్పాతిక భాగం కోసి తీసేసినారు. మిగిలింది అరటికాయంత ఉంటుందని డాక్టర్ కాగితం మీద బొమ్మ గీసి చూపించినాడు. అందులో ఎంత పడుతుంది సార్ అని ఆమె మొగుడు ఇనాయతుల్లా అడిగినాడు. మొదట్లో ఒక టీ గ్లాసు కూడా పట్టదన్నాడు డాక్టర్. ఇనాయతుల్లాకి మార్కాపురంలో స్టీలు సామాన్ల దుకాణం. ఆ సైజు గిన్నె తన దగ్గర పసిపిల్లలకి ఉగ్గు పెట్టే వరసలో ఉంటుందని ఆయనకి వెంటనే తెలిసిపోయింది. ఇంత మనిషికి అంత సామాను ఏం సరిపోతుందని కొంచెం బాధపడినాడు. కానీ అప్పటికే కోసేసినారు.

కోయించుకోక తప్పలేదు. మోకాళ్ళు అరిగిపోయినాయి, షుగర్ సూదులదాకా పోయింది, మంచం మీంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చేది. పెళ్ళిళ్ళలో ఆమెకి రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పెట్టి వేసేవాళ్ళు. మర్యాద అనుకునేవాళ్ళు అనుకునేవాళ్ళు, నవ్వేవాళ్ళు నవ్వేవాళ్ళు.

ఆపరేషన్ సంగతి బయటికి పొక్కకూడదని ఇనాయతుల్లా ఆస్పత్రి మెట్లు దిగకముందే తీర్మానం చేసినాడు. కొడుకు ఫహీమ్‌కి గిద్దలూరు సంబంధం మాటల్లో ఉంది. ఆపరేషన్ అంటే జబ్బు అనుకుంటారు. జబ్బు కాదు లావు అంటే, నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంది అంటారు. మొదటిదానికి సంబంధం పోతుంది, రెండోదానికి పరువు పోతుంది. అందుకని ఊళ్ళో లేని రోజులకి అజ్మీర్ దర్గాకి పోయినామనీ, తగ్గిన బరువుకి జొన్నసంగటి, పొద్దున నడక అనీ చెప్పాలని నిర్ణయమైంది. అజ్మీర్ పోయి ఉత్త చేతుల్తో రాలేరు గాబట్టి గుంటూరు బస్టాండు దగ్గర పటికబెల్లం కొన్నారు. వీధివీధంతా కళ్ళకద్దుకుని తినింది.

ఆ తర్వాత ఖాతూన్బీ బతకడం కొత్తగా నేర్చుకుంది. కొన్నాళ్ళు పల్చటి నీళ్ళు, కొన్నాళ్ళు మెత్తగా పిసికిన మెతుకులు, ఆ పైన చిన్న చెంచాతో అరకప్పు. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు, తాగేటప్పుడు తినకూడదు. ముద్ద నీళ్ళయ్యేదాకా నమలాలి. ఒక్క చెంచా ఎక్కువైతే రొమ్ములో రాయి పడినట్టుండి అంతా బయటికొస్తుంది. బరువు దిగింది. దాంతోపాటు జుట్టు కూడా దిగింది. గాజులు మోచేతిదాకా జారేవి, చర్మం ఒకరిది అడిగి తెచ్చుకున్నట్టు వేలాడేది. ఇరవై ఏళ్ళు తగ్గమ్మా తగ్గమ్మా అని చెప్పినోళ్ళే ఇప్పుడు ముఖం పీక్కపోయింది, ఏందమ్మా, ఎక్కడన్నా చూపించుకున్నావా అని గొంతు తగ్గించి అడగడం మొదలుపెట్టినారు. జనానికి లావు మీద ఒక సలహా ఉంటుంది, సన్నం మీద ఒక అనుమానం ఉంటుంది. ఈ రెండిటికీ మధ్యలో ఎంత బరువుండాలో ఎవరూ చెప్పరు.

ఆకలి మాత్రం పోలేదు. కడుపు రెండు చెంచాలకే బస్, చాలు అంటుంది, మనసు ఇంకా పళ్ళెం ముందర కూచునే ఉంటుంది. మధ్యాహ్నం వంటింట్లో తాలింపు వాసనకి ఆమెకి ఏడుపొచ్చేది. ఆకలి ఉండేది తలకాయలో. డాక్టర్ అక్కడ చెయ్యి పెట్టలేదు.

ఇనాయతుల్లాకి మాత్రం రోజులు బాగున్నాయి. దుకాణంలో కూచుని వచ్చినోళ్ళకి సంగటి పాఠం చెప్పేవాడు. మా ఇంట్లో చూడండి, ఏ మందూ లేదు, మాకూ లేదు, సంగటి, నడక అనేవాడు. ఆయన పొట్ట గల్లాపెట్టెకి ఆనుకుని ఉండేది. సంగటి గిన్నెలు, గెలికే కట్టెలు బాగా అమ్ముడుపోయినాయి. పక్కింటి నాగరత్నమ్మ పొద్దున సంగటి, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్ళీ సంగటి తిని నాలుగు కిలోలు పెరిగింది. నడక తక్కువైందని ఇనాయతుల్లా తేల్చినాడు.

ఫహీమ్ పెళ్ళి అయింది. పెళ్ళిలో ఎవరు తిన్నారో ఎవరు తినలేదో చూసే తీరిక ఎవరికీ ఉండదు గాబట్టి గండం గడిచింది. గండం తర్వాత వచ్చింది. పెళ్ళైనాక ఐదు శుక్రవారాలు ఆడపిల్ల పుట్టింటివాళ్ళు అల్లుణ్ణీ, అల్లుడి అమ్మానాయనల్నీ పిలిచి విందు పెడతారు. దాన్ని జుమాగీ అంటారు. మొగోళ్ళు ముందు గదిలో, ఆడోళ్ళు పరదా వెనక లోపలి గదిలో, నేలమీద గుడ్డ పరిచి కూచుంటారు. కోడలు హుమేరా వాళ్ళమ్మ ముబాషిరా, ఖాతూన్బీకి వియ్యపురాలు, వాళ్ళ మాటలో సంధన్. గిద్దలూరులో ఆమె వంటకి పేరుంది. ఆ పేరు ఆమెకి కూడా బాగా తెలుసు.

మొదటి శుక్రవారం ముబాషిరా తన చేత్తో వడ్డించిన బిర్యానీలో ఖాతూన్బీ నాలుగు చెంచాలు తిని చెయ్యి కడుక్కుంది. ప్రయాణం బడలిక అనుకున్నారు. రెండో శుక్రవారం ముబాషిరా ఖుర్మా, కబాబులు, మరగ్ అనే మాంసం చారు కూడా చేసింది. ఖాతూన్బీ మూడు చెంచాలు తినింది. మూడో శుక్రవారానికి బేస్తవారిపేట నుంచి మేకపోతు వచ్చింది. అది బతికున్నప్పుడు చాలా ఖరీదైన మేకపోతని ముబాషిరా మొగుడు ముజమ్మిల్ మొగోళ్ళకి చెప్పినాడు. లోపల ఖాతూన్బీ దాంట్లో ఒక ముక్కని అరగంట నమిలింది.

సంగటి తినే మనిషి అని ముందే చెప్పినారు కదా అని హుమేరా సర్దబోయింది. సంగటి తినేవాళ్ళు విందుకొస్తే విందు తింటారు, మా అత్త రోజూ సంగటే తినేది, పెళ్ళికి పోతే ఆకు కూడా మిగిల్చేది కాదు అనింది ముబాషిరా. అసలు ఎక్కడ మర్యాద తక్కువైందో ఆమెకి అంతు పట్టలేదు. పెళ్ళికి పిలుపుల్లోనా, బట్టల్లోనా, బండి నుంచి దించుకోవడంలోనా. ఆడబిడ్డలు ఒక్కొక్కరే ఫోన్ చేసి, మీ సంధన్ మన ఇంట్లో ముద్ద ముట్టదంట కదా వదినా అని బాధపడినారు. బాధపడేటప్పుడు వాళ్ళ గొంతు చాలా హుషారుగా ఉంది. చివరికి ముబాషిరా కూతురికి తేల్చి చెప్పింది. మా ఇంటి మెతుకు పనికిరానోళ్ళకి మా ఇంటి పిల్ల ఎట్ల పనికొస్తుంది. ఇంకో రెండు శుక్రవారాలున్నాయి. మీ అత్త పళ్ళెం ఖాళీ చేస్తే నువ్వు మార్కాపురం పో. లేకపోతే ఇక్కడే ఉండు.

హుమేరా ఆ మాట ఫహీమ్‌కి చెప్పి ఏడ్చింది. ఫహీమ్ వాళ్ళమ్మకి చెప్పి ఏడ్వకుండా నిలబడినాడు. ఖాతూన్బీ మొగుడి దగ్గరికి పోయింది.

"చెప్పేద్దాం. ఆడపిల్ల నలిగిపోతుంది."

"ఇప్పుడు చెప్తే ఇన్నాళ్ళు అబద్ధం చెప్పినామని తెలిసిపోదా" అన్నాడు ఇనాయతుల్లా.

దాని మీద ఆయన రెండు రోజులు ఆలోచించి దుకాణం నుంచి ఒక డబ్బా తెచ్చినాడు. క్లిప్పుల మూత, చారు పోసి తలకిందులు చేసినా చుక్క కారదు, గ్యారంటీ. హ్యాండ్‌బ్యాగులో పడుతుంది. దాని వాడకం ఎట్లో వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

నాలుగో శుక్రవారం ఖాతూన్బీ దస్తీ నోటికి అడ్డం పెట్టుకునీ, పక్కకి తిరిగి దగ్గినట్టు దగ్గీ పళ్ళెంలో ఉన్నదంతా డబ్బాలోకి తోలింది. యాభై ఏళ్ళకి దగ్గరపడినాక ఇంకొకరి ఇంట్లో కబాబులు దొంగిలించడం ఆమె ఎప్పుడూ అనుకున్నది కాదు. పైగా తినడానికి కూడా కాదు. ఖాళీ పళ్ళెం చూసి ముబాషిరా ముఖం వెలిగిపోయింది. ఆమె అంత సంతోషపడుతుందని ఖాతూన్బీ అనుకోలేదు. హుమేరా నవ్వుకుంటూ బండెక్కింది. డబ్బా గ్యారంటీ ఎట్లుందో చూసినావా అని ఇనాయతుల్లా దారిపొడుగునా అడుగుతానే ఉన్నాడు.

ఆ సంతోషమే కొంప ముంచింది. ఐదో శుక్రవారం ముబాషిరా ఆడబిడ్డలందర్నీ పిలిచింది. సంధన్ తినదన్నారు కదా, వచ్చి కళ్ళారా చూడండి అని. అందరూ ఖాతూన్బీ చుట్టూ గుండ్రంగా కూచున్నారు. ముబాషిరా డబల్ కా మీఠా గిన్నెతో ఎదురుగా కూచుని, ఆఖరి జుమాగీ ఇది, నా చేత్తో తినిపిస్తా అనింది. నెయ్యి, పాలు, చక్కెర వేళ్ళ సందుల్లోంచి కారుతున్న ముద్ద నోటి దగ్గరికొచ్చింది. చేతి ముద్దకి దస్తీ అడ్డం పెట్టడానికి లేదు.

ఖాతూన్బీ పరదా దగ్గర నిలబడిన హుమేరాని చూసింది. పిల్ల అప్పటికే బురఖా వేసుకుని, బ్యాగు చేతిలో పట్టుకుని ఉంది. ఖాతూన్బీ నోరు తెరిచింది.

మొదటి ముద్ద ఎట్లనో దిగింది. రెండోది సగంలో నిలిచింది. మూడోదానికి చెవుల్లో హోరు, వీపంతా చెమట, గుండె దడదడ. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది. ముబాషిరా వెనకే పోయి తల పట్టుకుంది. ఆడబిడ్డలు చూడ్డానికి వచ్చింది చూస్తానే ఉన్నారు.

లోపలి మంచం మీద పడుకోబెట్టినాక ఖాతూన్బీ ముబాషిరా చెయ్యి పట్టుకుని తలుపు మూయమనింది.

"సంధన్, నేను నీ తిండిని కాదనలేదు. నా కడుపు కోసేసినారు. ఇంతే మిగిలింది" అని అరచెయ్యి చూపించింది. పైట జరిపి, దోమ కుట్టినట్టున్న నాలుగైదు మచ్చలు చూపించింది.

"మరి సంగటి?"

"సంగటి అంటే నాకు చిన్నప్పటి నుంచీ పడదు."

"మరి పోయిన వారం పళ్ళెం?"

ఖాతూన్బీ హ్యాండ్‌బ్యాగు తెరిచి డబ్బా బయట పెట్టింది. ముబాషిరా దాని మూత తీసి, వాసన చూసి, మళ్ళీ మూసింది.

"ఒక్క మాట చెప్పింటే గంజి కాసేదాన్ని కదా ఆపా. ఐదు వారాలు నా చేత నీకు శత్రువు మాదిరి వండించినావు."

అప్పుడే ముందు గదిలో ముజమ్మిల్ గొంతు వినిపించింది, భాభీకి ఏమైంది భాయ్ అని. దానికి ఇనాయతుల్లా చెప్పిన జవాబు తలుపులోంచి కూడా బాగా వినిపించింది.

"ఏం లేదు భాయ్. మీ ఇంట్లో నెయ్యి కొంచెం ఎక్కువ పోస్తారు. మాకు అలవాటు లేదు."

ముందు గదిలో నమలడం ఆగిపోయింది. పరదా ఇవతల ఆడబిడ్డల్లో ఒకామె రెండో ఆమె తొడ గిల్లింది. ముబాషిరా లేచి తలుపు తీసి పరదా దాకా పోయి నిలబడింది. అవతలికి కనపడకుండా, కానీ అందరికీ వినపడేటట్టు అడిగింది.

"భాయీ సాబ్, ఒక్క మాట చెప్పండి. మీ ఇంటామెకి కడుపు ఆపరేషన్ అయిందా లేదా?"

అవును అంటే చాలు. హుమేరా బ్యాగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. మంచం మీద ఖాతూన్బీ మోచేతి మీద లేచి వింటా ఉంది. ఫహీమ్ ఫ్యాన్ వైపు చూస్తా ఉన్నాడు, దాన్ని ఎవరన్నా రిపేరుకి ఇస్తే బాగుండు అన్నట్టు. ఇనాయతుల్లా చుట్టూ ఉన్న మొగోళ్ళ ముఖాలు చూసినాడు. అందులో ఇద్దరు ఆయన మాట విని సంగటి గిన్నెలు కొన్నవాళ్ళు.

"ఆపరేషనా? ఎవరు చెప్పినారమ్మా? మైకంలో ఏదో అనింటుంది. మాకట్లాంటివేం లేవు. సంగటి, నడక, అంతే."

ముబాషిరా వెనక్కి తిరిగింది.

"హుమేరా, బురఖా తీసేయ్."

తర్వాత పరదా వైపు తిరిగి చాలా మామూలుగా చెప్పింది. "పెళ్ళాం కడుపు కోసిన సంగతే దాచినోళ్ళు, రేపు నా బిడ్డకి జ్వరమొచ్చినా సంగటి అనే చెప్తారు. మీరు వచ్చి మా వాళ్ళ ముందు, మీ నోటితో, జరిగింది జరిగినట్టు చెప్పండి. ఆ రోజు తోలుకుపోండి."

ముజమ్మిల్ ఏదో అనబోయి పరదాకేసి చూసి మానుకున్నాడు. ముబాషిరా వంటింట్లోకి పోయింది. ఇనాయతుల్లా చెయ్యి కడుక్కున్నాడు. పళ్ళెంలో సగం బిర్యానీ అట్లనే ఉంది.

అందరూ కారెక్కినాక ముబాషిరా ఒక్కతే బయటికొచ్చింది. వెనక కిటికీలోంచి ఖాతూన్బీ ఒళ్ళో ఒక ఫ్లాస్కు పెట్టింది. అంతసేపు వంటింట్లో ఏం చేసిందో అప్పుడు తెలిసింది. కూతుర్ని ఇవ్వలేదు. గంజి ఇచ్చింది.

ఫహీమ్ బండి నడుపుతున్నాడు. ఇనాయతుల్లా ముందు సీట్లో కూచుని, బేస్తవారిపేట దాకా ఆలోచించి నోరు తెరిచినాడు. వీధిలో ఎవరన్నా అడిగితే హుమేరా పరీక్షలు రాస్తుందని చెబుదామన్నాడు.

"ఏం పరీక్షలు అబ్బా? డిగ్రీ అయిపోయింది కదా" అన్నాడు ఫహీమ్.

"పైవి ఏమన్నా ఉంటాయిలే. ఆడపిల్లలు ఇప్పుడు అన్నీ రాస్తున్నారు."

ఫహీమ్ గేరు మార్చినాడు, మార్చాల్సిన అవసరం లేకపోయినా. వెనక సీటు వెడల్పుగా ఉంది. ఖాతూన్బీ బాగా లావున్నప్పుడు ఆ సీటు మొత్తం ఆమెకే సరిపోయేది. ఇప్పుడు పక్కన ఇంకో మనిషి సుఖంగా కూచోవచ్చు.

"అవును అనింటే పోయేది. నా పక్కన కూచుని వచ్చేది పిల్ల" అనింది ఆమె.

"అంతమందిలోనా? నాకేం మర్యాద మిగిలేది" అన్నాడు ఆయన.

ఆమె ఫ్లాస్కు మూత తీసి, ఆ మూతలోనే కొంచెం పోసుకుని తాగింది. పల్చగా, కొంచెం ఉప్పేసి, జీలకర్ర వాసన. ఎక్కడా అడ్డం పడకుండా దిగింది. ఐదు శుక్రవారాల్లో గిద్దలూరు తిండి ఆమె కడుపుకి పడింది ఇదొక్కటే. ఇంకో రెండు గుక్కలకి కడుపు బస్ అనింది. ఫ్లాస్కు ఇంకా దాదాపు నిండుగానే ఉంది.

వాసన ముందుకి పోయింది. ఇనాయతుల్లా సగంలో లేచొచ్చిన మనిషి. మెడ తిప్పి, చెయ్యి వెనక్కి చాపినాడు.

"కొంచెం ఇటు పొయ్యి. ఆకలేస్తుంది."

ఖాతూన్బీ మూత బిగించింది. మార్కాపురం వచ్చేదాకా ఫ్లాస్కుని ఒళ్ళో పెట్టుకుని కూచుంది.