బోధన్ లైను ఎవర్ని అడగాలి?

జూన్ పద్నాలుగు. మా ఇంట్లో బగారన్నం, మటన్, పచ్చిపులుసు. కంఠేశ్వర్ చర్చి స్త్రీల ప్రార్థన కూటం ఆ సాయంత్రం మా ఇంట్లో. ఎవరింట్లో జరిగితే ఆ ఇంటి కోడలే వండాలి. అదే సాయంత్రం బోధన్ ఆసుపత్రి యజమానితో మా ఆన్‌లైన్ మీటింగు. నేనూ నా భర్త రాజ్ కిరణ్ ఒకే నెట్‌వర్క్ కంపెనీకి ఇంటినుంచే పనిచేస్తాం.

"నువ్వు వంట సూస్కో ఆశా. నీ రిపోర్టు నేను చెప్పేస్త తియ్," అన్నాడు.

బోధన్ ఆసుపత్రి స్కాన్‌లు హైదరాబాద్ డాక్టరుకు చేరే లైను తెగితే, వెంటనే రెండో లైనుకు మళ్ళించాలి. రెండు పద్ధతులున్నాయి. ఒకటి, లైన్లన్నిటినీ హైదరాబాద్ నుంచి నడిపే కంట్రోలరు యంత్రం ఆ సంగతి తెలుసుకుని కొత్త దారి చెప్పడం. రెండు, ఆ దారిని బోధన్‌లో స్కాన్‌లను లైనెక్కించే స్విచ్ పెట్టెకు ముందే నేర్పి ఉంచడం; అప్పుడది ఎవర్నీ అడగదు. పాప నిద్రపోయాక, అత్తమ్మకు మందులిచ్చాక, రోజూ కూర్చుని రెంటినీ పరీక్షించి పోల్చాను. మొదటి పద్ధతిలో లైనుతోపాటు కంట్రోలరు మాటా తెగిపోయేది. స్విచ్ ఆజ్ఞ కోసం ఎదురుచూసేది, స్కాన్ సగంలో ఆగేది. రెండోదే మేలని రాశాను.

వంటింట్లోకి ఆయన గొంతు వినిపించింది. "మా పరీక్షల్లో మొదటిదే మేలని తేలింది సర్. పెత్తనం ఒక్క దగ్గరుంటే మంచిది."

ఒళ్ళు మండిపోయింది. నన్ను అడగకుండా, నేను తేల్చినదాన్ని తిరగేసి చెబుతున్నాడు.

"ఎటువోతున్నవ్ బిడ్డా, కూర మాడుతది!" అంది అత్తమ్మ.

"జెర్ర మీరు కలపండి అత్తమ్మ."

ఆమె గరిటె అందుకుంది.

నన్ను చూడగానే ఆయన మైకు ఆపేశాడు. "సార్‌కు కంట్రోలరే ఇష్టం. ఎందుకు లొల్లి?"

"స్కాన్ ఆగితే పేషెంట్‌కు గదే జెప్తరా? సార్‌కు ఇష్టమని?"

మైకు నేనే తెరిచాను. "సర్, ఆ పరీక్షలు చేసింది నేను. తేలింది రెండోది." ఎందుకో వివరించాను.

అవతల యజమాని అడిగాడు, "ఈ రాత్రి ఓపీ అయ్యాక లైను తీసేసి, స్కాన్ ఆగదని చూపిస్తారా? ఎవరు చేస్తారు?"

"నేను."

మీటింగు ముగించి లేచేసరికి ముందుగదిలో కూటం పాటలు మొదలయ్యాయి. రాజ్ కిరణ్ నా వెనకే వచ్చాడు. "వచ్చినోళ్ళకు ఎవరు వడ్డిస్తరు? నలుగురిల నా ఇజ్జత్ ఏమైతది?"

"వండుడు నేను చేసిన. వడ్డించుడు మీరు చెయ్యుండ్రి."

జవాబు కోసం ఆగలేదు. లాప్‌టాప్ తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళాను. తెల్లారేదాకా ఎవరు పిలిచినా లేవకూడదనుకుని, మెల్లగా తలుపు మూసుకున్నాను.