బావురుపిల్లి తిన్న చేప

జ్యోతిర్మయి ఆ ఇంట్లో గది అద్దెకు దిగిన మూడో రోజునే టీ జల్లెడ దగ్గర పేచీ వచ్చింది.

పొద్దున్నే పొయ్యి మీద టీ మరుగుతుంటే జీవరత్నం పెరట్లోకి తొంగి చూసింది. ఆ పిల్ల పంపు దగ్గర గొంతుక్కూర్చుని, ముక్కుకి చున్నీ చుట్టుకుని, టీ జల్లెడలో ఏదో వేసి నీళ్లు పోస్తూ కడుగుతోంది. దగ్గరికెళ్లి చూస్తే ఏముంది, ఎండిపోయిన జంతువు పెంట!

"ఓసి నీ దుంపతెగ! రేపట్నుంచి నేను టీ ఎట్లా తాగాలే?"

"ఇది నాది మామ్మగారూ. నిన్న పామర్రులో కొనుక్కొచ్చా. మీది కిటికీకి వేలాడుతోంది చూడండి."

చూస్తే అక్కడే వేలాడుతోంది. జీవరత్నానికి కోపం ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగానూ పోతుంది. పోయిన చోట కుతూహలం వచ్చి కూర్చుంటుంది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, పీట జరుపుకుని ఆ పిల్ల పక్కనే చేరింది.

జ్యోతిర్మయి విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల కొట్టు చౌడయ్యగారి కూతురు. తాతల నాటి నుంచీ మగ్గాల ఇల్లు. వాళ్లింట్లో గుడ్డు కూడా వండరు. అట్లాంటి పిల్ల పీహెచ్‌డీ అని చెప్పి బావురుపిల్లి వెనకాల డ్రెయిన్ గట్లమ్మట తిరుగుతూ, దాని పెంట ఏరుకుని పొట్లాలు కట్టుకుంటోంది. బావురుపిల్లంటే ఇళ్లల్లో తిరిగే పిల్లి కాదు. దానికి రెండింతలుంటుంది, ఒంటినిండా మచ్చలు, నీళ్లలో దిగి చేపను పట్టి తింటుంది. ఈ నీళ్లలో, ఈ తుంగలో పుట్టి పెరిగిన జీవమే. అయినా కళ్లారా చూశామన్నవాళ్లు ఊరికి ఇద్దరుండరు.

"అది ఏం తింటోందో దాన్ని అడగలేం కదండీ, ఇందులో వెతుక్కోవాలి. వెంట్రుకలుంటే ఎలుక. పొలుసులుంటే చేప. ఏ చేపో మాత్రం నాకు తెలీదు. హైదరాబాదు పంపిస్తే రెండు నెలల్లో చెబుతారు" అంది జ్యోతిర్మయి.

రెండు నెలలా! ఆదివారం మూడు రోజుల్లోకి వచ్చేసింది.

ఆదివారం సంగతి చెప్పాలంటే ముందు చెరువు సంగతి చెప్పాలి. ఊరి వెనక డ్రెయిను పక్కన రామకోటేశ్వరరావుగారి చేపల చెరువు ఉంది. జీవరత్నం కొడుకు ఎలీషా దానికి కాపలా. కిందటి వారం వల వేసి చూస్తే, ఉండాల్సిన చేపలో చాలా భాగం లేదు. రామకోటేశ్వరరావుగారు నలుగురూ వింటుండగా గట్టు మీద నిలబడి అన్నాడు: "తింటే పిల్లి తినాలి, లేకపోతే కాపలావాడు అమ్ముకోవాలి. మూడో దారి లేదు." చేపలో గుళికలమందు కూరి గట్టు మీద పెట్టమని, ఆదివారం తనే దగ్గరుండి పెట్టిస్తానని కూడా అన్నాడు. మందు పెట్టాక కూడా చేప తగ్గితే అప్పుడు ఎలీషా సంగతి చూస్తానన్నాడు.

ఆ మాట ఊళ్లో పాకింది. మొన్న ప్రార్థన అయ్యాక ఎప్పుడూ ఎలీషాతో కలిసి నడిచే అబ్రహాము వేరే సందులోంచి వెళ్లిపోయాడు. నలభై ఏళ్లు ఊరూరా తిరిగి చేపలమ్మి, ఒక్కనాడు తూకంలో మాట పడని జీవరత్నానికి ఆ సందు మలుపు గుండెల్లో ముల్లయి దిగింది. చేప తిన్నది పిల్లే అయ్యుంటే బాగుండునని, పాపం, మనసులో ఎన్నిసార్లు అనుకుందో.

"ఏదీ, ఇటియ్యి" అని చెయ్యి చాపింది.

జ్యోతిర్మయి ఒక పొలుసు తీసి ఆమె అరచేతిలో పెట్టింది. రంగు లేదు, మెరుపు లేదు. జీవరత్నం దాన్ని కంటితో చూడలేదు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రాసింది.

"మట్టగిడస."

"ముట్టుకుంటేనే తెలిసిపోతుందా అండీ?"

"నువ్వు చీర అంచు ముట్టుకుంటే ఏ ఊరి మగ్గమో తెలీదూ?"

"తెలుస్తుంది" అని నవ్వింది ఆ పిల్ల.

"మరింకేం! ఇది ఏడాది వయసు చేప. ఇది కొర్రమీను, చూడు ఎంత మందమో. కోడలు పురిటి నుంచి లేచినప్పుడు కొర్రమీను పులుసే పెట్టాలని పమిడిముక్కల నుంచి కబురంపేవాళ్లు, ఆ ఇంటి పెద్దావిడ పేరు సీతమ్మ... సరే అదొదిలేయ్. ఇది పొలుసు కాదు, జెల్ల ముల్లు. గుచ్చుకుంటే మూడు రోజులు సలుపుతుంది."

నాలుగు పొట్లాలు అయ్యాయి. మట్టగిడస, కొర్రమీను, జెల్ల, మధ్యమధ్య ఎలుక వెంట్రుకలు. అన్నీ డ్రెయిన్లో, పంటబోదెల్లో దొరికేవే. చెరువులో పెంచే శీలావతి గానీ బొచ్చె గానీ ఒక్క పొలుసు లేదు.

జ్యోతిర్మయి మొహం విప్పారింది. "అయితే పిల్లి చెరువు జోలికే పోలేదండీ! ఈ మాట రావుగారికి చెప్తే మందు మానేస్తారు!"

అప్పటిదాకా పొలుసు వెంట పొలుసు చెప్పుకుపోతున్న జీవరత్నం చెయ్యి ఆగిపోయింది. పిల్లి తినలేదంటే? మూడో దారి లేదన్నాడుగా ఆయన. తన నోటితోనే తన కొడుకుని పట్టించింది.

"రాసేశావా?"

"రాసుకున్నానండి. ఏం?"

నా కళ్లు సరిగా ఆనవే అమ్మాయ్, అదంతా కొట్టెయ్యి, అందామని నోటిదాకా వచ్చింది. కళ్లతో పనే పడలేదని ఆ పిల్ల చూస్తూనే ఉంది. అదీగాక, మట్టగిడసను పట్టుకుని శీలావతి అని చెప్పడం ఆమె జన్మలో ఎరగదు.

"ఇంకేమైనా ఉన్నాయా?" అంది, నీరసంగా.

"రెండున్నాయి. చెరువు గట్టుకి అవతల, తుంగలో దొరికినవి."

కడిగారు. ఈసారి పెద్ద పొలుసు తేలింది, కాగితంలా పల్చన. జీవరత్నం ముట్టుకోగానే "శీలావతి!" అని కేకేసింది. ఆ కేకలో ఉన్న సంతోషానికి తనకే సిగ్గేసింది. జ్యోతిర్మయి మొహం మాత్రం వాడిపోయింది. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకోకుండా ఆ జల్లెడలోకే చూస్తూ కూర్చున్నారు.

అప్పుడు కనబడింది జీవరత్నానికి, పొలుసుకి అంటుకుని పెసరపొట్టు ముక్కలాంటిది ఒకటి. గోటితో గీరింది.

"పెసరపప్పు తింటుందే మీ పిల్లి?"

జ్యోతిర్మయి భూతద్దం తెచ్చి చూసింది. "కాళ్లున్నాయండీ దీనికి!"

"పేను! చేపకి పట్టే పేను. ఇది పట్టిన చేప ఒంటిమీద ఎర్రగా కందిపోయి, తిండి మానేసి చస్తుంది. నా బుట్టలో ఇట్లాంటిది ఒక్కటి కనబడితే ఆ రోజు బేరం అయిపోయినట్టే." రెండో పొట్లంలోది జల్లెడలో తిరగేసింది. అందులోనూ శీలావతే, అందులోనూ పొట్టు ముక్కలే. "ఏం పిల్లే ఇది! చెరువు నిండా మంచి చేప పెట్టుకుని ఏరి ఏరి రోగం చేపే తింటుందా?"

జ్యోతిర్మయి మెల్లగా అంది: "పట్టుకుని తినడం లేదేమో మామ్మగారూ. దొరికింది తింటోందేమో."

ఆ రాత్రి జీవరత్నం కొడుకుని ఏమీ అడగలేదు. శుక్రవారం తెల్లారుతుండగానే మోకాళ్ల నొప్పికి నూనె రాసుకుని, కర్ర పుచ్చుకుని, ఆ పిల్లను తోడు తీసుకుని గట్టు ఎక్కింది. తుంగ దగ్గరికి వచ్చేసరికి ఈగల మోత. రెబ్బలు పక్కకి తీస్తే చేపల ముళ్లు, తలకాయలు, పొలుసులు. నిన్న మొన్నటివీ ఉన్నాయి, బాగా పాతవీ ఉన్నాయి.

వెనకనించి అడుగుల చప్పుడైంది. ఎలీషా. చేతిలో బుట్ట, దాన్నిండా చచ్చిన చేప.

తల్లిని చూసి అక్కడే నిలబడిపోయాడు.

"ఎన్నాళ్లనుంచిరా?"

"మూడు వారాలమ్మా."

"ఆయనకి చెప్పకుండా?"

"నిరుడు ఇక్కడ కాపలా ఉన్నప్పుడు అబ్రహాము చచ్చిన చేప పట్టుకెళ్లి ఆయనకి చూపించాడు. నీ కాపలాలోనే చచ్చిందిగా, రేపట్నుంచి రావద్దని వాణ్ణి పంపేశాడాయన. నీకు తెలీదా? నేను తెల్లారకముందే ఏరి ఇటు పారేస్తే ఎవరికీ కనబడదనుకున్నా. రెండు రోజుల్లో తగ్గిపోద్దనుకున్నా. తగ్గలా."

"పిల్లి తిందని ఎందుకన్నావురా మరి?"

"నేనన్లేదు. ఆయనన్నాడు. నేను కాదన్లేదు."

జ్యోతిర్మయికి మధ్యలో నిలబడటం ఇబ్బందిగా ఉంది. "ఎలీషాగారూ, మీ పేరు నేను ఎక్కడా రాయనండి. గుళికలు పెట్టొద్దని మాత్రం ఆయన్ని బతిమాలుకుంటాను."

"రాయకపోతే వీడు దొంగగానే మిగిలిపోతాడే తల్లీ" అంది జీవరత్నం. కొడుకు వైపు తిరిగింది. "ఆ బుట్ట పారెయ్యకు. ఎత్తుకో."

"పని పోద్దమ్మా."

"పోతే పోద్ది. దొంగన్న పేరు మాత్రం నేను బతికుండగా వద్దు. పద."

రామకోటేశ్వరరావుగారు ఎనిమిదింటికి బండి మీద షెడ్డు దగ్గరికి వచ్చాడు. బండి దిగేలోపే ఎలీషా బుట్ట ఆయన కాళ్ల దగ్గర దించాడు. ఉన్నదంతా చెప్పాడు. నిలబడి చెప్పలేక సగం దాకా నేలచూపులే చూశాడు గానీ, ఒక్క రోజు కూడా దాచకుండా చెప్పాడు.

ఆయన అరిచిన అరుపులకి చెరువు మీద కొంగలన్నీ లేచిపోయాయి. "మూడు వారాలా! మొదటి రోజే చెప్పుంటే మందు కొట్టేవాణ్ణి కదరా! చెరువంతా రోగం అంటించావు కదరా!"

జీవరత్నం కర్ర ఊతంగా ముందుకొచ్చింది. "తప్పు వాడిదేనండి బాబుగారూ. కానీ ఒక్క మాటండి. చచ్చిన చేప తెచ్చిన మనిషిని పొమ్మన్నారు. తర్వాత వచ్చినవాడు ఇంకెందుకు తెస్తాడండి?"

ఆయన ఆమె వైపు కోపంగా చూశాడు. వంగి ఒక చేప తీసి తిప్పి చూశాడు. మొప్ప పక్కన పేలు గుంపుగా ఉన్నాయి. మేత బస్తా మీద కూలబడి ఫోను తీసి మందుల కొట్టుకి చేశాడు.

ఫోను జేబులో పెట్టుకుని అన్నాడు. "అమ్ముకోలేదన్నమాట."

"లేదండి."

"అబద్ధం చెప్పడం కూడా దొంగతనం లాంటిదే."

"అవునండి."

"మధ్యాహ్నానికి మందొస్తుంది. నీ చేత్తోనే కలపాలి. దూరంగా గొయ్యి తియ్యి, చచ్చింది చచ్చినట్టు పూడ్చెయ్యాలి, రోజూ నాకు చూపించాకే." గొంతు తగ్గించి, "అబ్రహాముతో నేను మాట్లాడతా. మీవాణ్ణి గురించి కూడా ఊళ్లో నేనే చెబుతాలే అమ్మా."

జీవరత్నం కొంగుతో మొహం తుడుచుకుంది.

"మరి పిల్లికి గుళికలండీ?" అంది జ్యోతిర్మయి, దొరికిన సందు వదలకుండా.

"అది నా చేప అసలు ముట్టుకోదంటావా?"

"అట్లా చెప్పలేనండి. ఎప్పుడో ఒకటి పట్టుకోవచ్చు. కానీ చచ్చిన చేప పడేసినంత కాలం ఇక్కడికే అలవాటు పడుతుంది. అది ఆగిపోతే మళ్లీ డ్రెయిన్లోకే వెళుతుంది. గట్టుకి బొక్కలు పెట్టే ఎలుకల్ని కూడా అదే తింటోందండీ."

ఎలుకలనగానే ఆయన గట్టు వైపు చూశాడు. పోయిన వానాకాలం ఆ బొక్కల్లోంచే గట్టు కారింది మరి. "సరే, చూద్దాం. ఇంతకీ ఎట్లా ఉంటుందమ్మా ఆ జంతువు? నేనెప్పుడూ చూళ్లేదు."

"నేనూ సరిగా చూడలేదండీ. ఇక్కడ గది తీసుకోకముందే, నెల రోజుల కిందట కెమెరాలు కట్టాను. రెండే బొమ్మలొచ్చాయి. ఒకదాంట్లో తోక, ఒకదాంట్లో చెవి."

"నేను చూశానండి" అన్నాడు ఎలీషా.

ముగ్గురూ అతని వైపు తిరిగారు.

"రోజూ చూసేవాణ్ణి. చేప పారేసి వెనక్కొచ్చి కూర్చుంటే వచ్చేది. మొదట్లో నేను కదిలితే పారిపోయేది, తర్వాత్తర్వాత పోవడం మానేసింది. చచ్చిన చేప తిన్నాక డ్రెయిన్లో దిగేదండి. ముందు కాలితో నీళ్ల మీద టకటకా తడుతుంది, పురుగు పడ్డట్టు. చేప పైకి రాగానే తలకాయతో సహా లోపలికి దూకుతుంది. ఒకరోజు పిల్లని కూడా తెచ్చింది. పిల్ల తడుతుంది గానీ, దానికి ఒక్కటీ చిక్కదు. వాళ్లమ్మ చూస్తూ కూర్చుంటుంది, సాయం చెయ్యదు."

జ్యోతిర్మయి పుస్తకం కోసం సంచీ అంతా తోడేస్తోంది. "ఆగండి ఆగండి ఎలీషాగారూ, పిల్లా? ఎంతుంది? ఏ కాలితో తడుతుంది, కుడా ఎడమా?"

"ఎడమేనండి. నేను చూసినన్నిసార్లూ ఎడమే."

"ఇదంతా ఇంట్లో ఒక్క ముక్కైనా చెప్పావుట్రా నాకు!" అంది జీవరత్నం.

"ఎట్లా చెప్పనమ్మా, అక్కడికెందుకెళ్లావని అడుగుతావుగా."

రామకోటేశ్వరరావుగారు ఇంకో మేత బస్తా కాలితో లాగి ఎలీషా వైపు తోశాడు. "కూర్చుని చెప్పరా. ఆ పిల్లకి చివరికి చేప దొరికిందా లేదా?"