కబ్జా ఖానా

నూట పద్నాలుగో టోకెన్ పిలిచేసరికి బుగ్గమ్మ కాళ్లు రెండూ తిమ్మిరెక్కి ఉన్నాయి. పొద్దున ఆరింటికి బండమీదిపల్లిలో బస్సెక్కింది. తాండూరులో మారి, వికారాబాద్‌లో దిగి, అప్పటి నుంచి ఈ ఫంక్షన్ హాల్లో కూర్చునే ఉంది. నడుమ రెండుసార్లు లైను మార్పించారు. ఒకసారి ఆధార్ జిరాక్స్ సరిగ్గా పడలేదని కొడుకు మల్లేశ్‌ను బయటికి పంపారు. ఇప్పుడు రెండు దాటింది. ఆకలి వచ్చి, కాసేపు చూసి, పట్టించుకునేవాళ్లు లేక తనంతట తానే పోయింది.

కాళ్లదేముంది, రెండు నెలలుగా ఆమెకు మనిషంతా అట్లాగే ఉంది. పోలీసులను వెంటబెట్టుకుని జేసీబీలు వచ్చి గైరాను చుట్టూ ముళ్లకంచె వేసిన రోజు ఊరి ఆడవాళ్లంతా దుమ్మెత్తి పోశారు. బుగ్గమ్మ నోరు తెరవలేదు. గైరాను అంటే ఊరుమ్మడి మేతభూమి, నలభై రెండు ఎకరాలు. కంచె అవతల గడ్డి, ఇవతల ఆమె గొర్లు అరవై. కంచె చేను మేస్తుందని సామెత. ఈ కంచె గొర్ల కడుపులే మేసింది. బస్తాకు నాలుగు వందల యాభై పెట్టి కందిపొట్టు కొని ఎన్నాళ్లు సాకుతుంది? పదకొండు వేలు పలికే గొర్రెను బేరగాడు ఆరున్నర వేలకు అడిగితే, ఆ ధరకే ముప్పై ఎనిమిదింటిని తోలేసింది. ఆ రోజు కూడా ఏడుపు రాలేదు. రావాలని కూడా అనిపించలేదు.

ఆ గైరానులో స్టోన్ పార్కు వస్తుందట. తాండూరు చుట్టుపక్కల బండల పాలిషింగ్ మిషన్లన్నీ ఒక్కచోటికి చేరుస్తారట. భూములు పోయేవాళ్ల కాగితాలు తేల్చడానికి ఈ హాలును సర్కారు మూడు రోజులు కిరాయికి తీసుకుంది. మొన్నటి పెళ్లి తాలూకు థర్మోకోల్ అక్షరాలు స్టేజీ మీద ఇంకా వేలాడుతున్నాయి: ‘సంతోష్ వెడ్స్ శ్రేయ’. వాటి కింద అధికారులు కూర్చున్నారు. కుడివైపు మెత్తటి కుర్చీలు, ఫ్యాన్లు, చాయ్. అక్కడి స్తంభానికి ‘పట్టాదారులు’ అని కాగితం అంటించారు. ఎడమవైపు ప్లాస్టిక్ కుర్చీలు, వాటిలో సగం కాళ్లు విరిగినవి. అక్కడి కాగితం మీద ‘కబ్జాదారులు’ అని ఉంది.

మల్లేశ్ చదివి చెబితే బుగ్గమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. ఆమెకు అక్షరం ముక్క రాదు, అయినా చూసింది. ఈ రెండు నెలల్లో ఆమె లోపల ఏదైనా కదిలిందంటే ఆ ఒక్క మాటకే కదిలింది. ఎందుకంటే ఆ మాట ఆమె మామ కిష్టప్పది.

పహాణీ అని ఊరి భూముల రాతపుస్తకం ఉండేది. అందులో ఒక ఖానాలో, అంటే గడిలో, పట్టాదారు పేరు, పక్క ఖానాలో కబ్జాదారు పేరు రాసేవారు. పట్టా ఎవరిదైనా, నిజంగా ఆ నేలను పట్టుకుని బతుకుతున్నది ఎవరో చెప్పేది కబ్జా ఖానా. గైరాను సర్కారుదే కానీయండి, దాన్ని నమ్ముకుని బతికేది మేము, వాగులో చెలిమ తోడుకున్నది మేము, ఆ ఖానాలో మా పేరు రాయండి అని కిష్టప్ప జన్మంతా అడిగాడు. నైజాం కాలంలో గొర్రెకింత అని మేతపన్ను పుల్లరి కట్టి మరీ అడిగాడు. సర్కారు మారిన ఏడాది, పోయే సర్కారు మనుషులు పదకొండు గొర్లను తోలుకుపోయారు, వచ్చే సర్కారు మనుషులు అయిదింటిని తోలుకుపోయారు. “ఆరు గొర్లంత మంచి సర్కారొచ్చింది” అని నవ్వుకుని, ఆ కొత్త సర్కారునూ అడిగాడు. ఏటా భూముల లెక్కలు చూసే జమాబందికి అధికారులు ఊరికి వస్తే అర్జీ పట్టుకుని ముందు నిలబడేది ఆయనే. ఆ లెక్కలు రాసే పట్వారిది ఒకటే జవాబు.

“దున్నితే కబ్జా. మేపితే కబ్జా ఎట్లయితదిరా?”

“దున్నితే గొర్లు ఏం మేస్తయి దొరా?” అనేవాడు కిష్టప్ప.

పట్వారి అర్జీని మడిచి పక్కన పెట్టేవాడు. తర్వాత వచ్చిన సర్కార్లన్నీ అదే చేశాయి. ఈలోగా ఊరి పెద్ద బాల్‌రాజ్ పటేల్ తండ్రి గైరాను అంచున ఆరెకరాలు దున్నాడు. ఆయన పేరు కబ్జా ఖానాలో ఎక్కింది, అయిదేళ్లలో పట్టా ఖానాలోకి దూకింది. ఇవాళ బాల్‌రాజ్ హాలుకు కుడివైపు కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఆయనకు ఎకరానికి పద్నాలుగు లక్షలు. గడ్డిని గడ్డిగా ఉంచినవాడికి మాత్రం ఏ పుస్తకంలోనూ ఖానా లేదు.

కిష్టప్ప కన్నుమూసిన రోజు నోట్లో నీళ్లు పోసింది బుగ్గమ్మే. గుటక వేసి, “పేరెక్కిందా?” అని అడిగాడు. ఎక్కలేదని ఆమె చెప్పలేకపోయింది.

అందుకే పదిహేను రోజుల కింద బాల్‌రాజ్ వాకిట్లోకి వచ్చి, “బుగ్గమ్మా, మీ పేరు కబ్జాల ఎక్కింది. వికారాబాద్ పోయి ముద్ర ఏసి రా” అన్నప్పుడు ఆమె ఇంకేమీ అడగలేదు. ముద్ర వేస్తే నూట ఇరవై గజాల ప్లాటు, మల్లేశ్‌కు పార్కులో వాచ్‌మన్ నౌకరీ, నెలకు పదమూడు వేలు. మల్లేశ్ పదిహేడో ఏట పాలిషింగ్ మిషన్ దగ్గరికి పోయాడు. మిషన్ తిరిగిన రోజు ఆరు వందల యాభై, తిరగని రోజు ఏమీ లేదు. ఇప్పుడు ముప్పై నాలుగు. ఒక చెవి సరిగ్గా వినపడదు, పొద్దున లేస్తే తెల్లగా ఉమ్ముతాడు. ఈ నౌకరీ వస్తే ఆ దుమ్ములోంచి బయటపడతాడు. ఇవన్నీ బుగ్గమ్మకు తెలుసు. కానీ ఆ సాయంత్రం ఆమె ముందు పోయింది కిష్టప్ప సమాధి దగ్గరికే. అది కంచె లోపల పడింది. ముళ్లతీగ ఇవతల నిలబడి, “మామా, ఎక్కింది” అని చెప్పి వచ్చింది.

టేబుల్ దగ్గర కూర్చున్న అమ్మాయి పేరు ప్రణవి అని మెడలో కార్డు చెబుతోంది. పాతికేళ్లుంటాయి, కాంట్రాక్టు ఉద్యోగం. పొద్దుటి నుంచి నూట పదమూడు మందిని పంపి కళ్లు పీక్కుపోయి ఉంది. బుగ్గమ్మ బొటనవేలిని మిషన్ మీద మూడుసార్లు పెట్టించింది. మిషన్ మూడుసార్లూ ఎర్రగా మెరిసింది.

“మిషన్ల పడతలేదమ్మా. ఏలి గీతలు అరిగిపోయినయ్. సిరాతోనే ఏద్దాం.”

సిరా డబ్బా తెరిచింది. బుగ్గమ్మ బొటనవేలు అద్దింది. ప్రణవి కాగితం ముందుకు జరిపి, ముద్ర వేయాల్సిన చోట పెన్నుతో ఇంటూ గుర్తు పెట్టింది.

“జర ఆగు బిడ్డా” అంది బుగ్గమ్మ. “మా మామ పేరు రాసినవ్ గద. జర సదివి ఇనిపియ్యి.”

“ఎనక మస్తు మంది ఉన్నరమ్మా.”

“ఒక్కపారి. ఆయన ఇననీకి లేడు. నేనన్న ఇంట.”

ప్రణవి లైను వైపు చూసింది. తర్వాత గబగబా చదివింది.

“కీర్తిశేషులు కిష్టప్ప కుటుంబానికి చెందిన బుగ్గమ్మ అను నేను, సర్వే నంబరు ఎనభై ఆరులోని ప్రభుత్వ భూమిని మా కుటుంబం అక్రమంగా కబ్జా చేసినట్టు ఒప్పుకుంటున్నాను. సదరు భూమిపై మాకు గానీ మా పూర్వీకులకు గానీ ఎలాంటి హక్కు లేదు, గతంలోనూ లేదు. ప్రభుత్వం దయతో ఇచ్చు...”

“ఆగు బిడ్డా. కబ్జా అంటే భూమిని పట్టుకొని బతికేటోళ్లనే గద?”

ప్రణవి తలెత్తింది. ఈ మాట ఆమెను ఇంతవరకు ఎవరూ అడగలేదు.

“పాత పహాణీలల్ల గట్ల రాసేటోళ్లట. ఇప్పుడు కబ్జా అంటే గుంజుకున్నట్టమ్మా. మనది కానిది.”

“దొంగతనం లెక్క?”

ప్రణవి సిరా డబ్బా మూత పెట్టి, మళ్లీ తెరిచింది.

ఆ మాట హక్కుగా ఉన్నన్నాళ్లు కిష్టప్పకు అందనివ్వలేదు. అది నేరంగా మారాక, పిలిచి కుర్చీ వేసి మరీ ఇస్తున్నారు. బుగ్గమ్మకు ఇదంతా ఇట్లా తోచలేదు. సమాధి ముందు తాను చెప్పి వచ్చిన మాట ఒక్కటే చెవిలో తిరిగింది. సిగ్గుతో ఆమె ముఖం వేడెక్కింది. కొడుకు వైపు తిరిగింది.

“నీకు ఎరుకేనా కొడుకా?”

“ఎరుకనే.” మల్లేశ్ చూపు నేల మీద ఉంది. “చెప్తే నువ్ రావని చెప్పలే.”

లైను ఆగిందని చూసి బాల్‌రాజ్ చాయ్ గ్లాసుతోనే లేచి వచ్చాడు. “ఏమైంది బుగ్గమ్మా? అది ఉత్త రాతనే. సర్కారు కాయితాలు గట్లనే ఉంటయ్. ఏసెయ్.”

“మీ నాయినతోని గూడ గిట్లనే రాయించుకున్నరా పటేలా?”

“మా నాయిన దున్నిండు గదనే.”

“అవు. ఆయన దున్నిండు” అంది బుగ్గమ్మ. ఆ గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు కూడా లేదు. బాల్‌రాజ్ గ్లాసులోకి చూసుకుంటూ నిలబడ్డాడు.

మల్లేశ్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “అమ్మా, మాటతోని మనకేం పనే? మాట కడుపు నింపుతదా? ఆర్నెల్ల సంది దగ్గు తగ్గుతలేదు. నువ్ సూస్తలేవా?”

బుగ్గమ్మ చూస్తూనే ఉంది. రోజూ పొద్దున గోడవతల వాడు దగ్గేది వింటూనే పొయ్యి వెలిగిస్తుంది. రెండు నెలల తర్వాత మొదటిసారి ఆమెకు లోపల నొప్పి తెలిసింది. తిమ్మిరి వదిలేటప్పుడు కాలు మంట పుట్టినట్టు, ఒళ్లంతా మంట పుట్టింది.

“సూస్తున్న కొడుకా” అని, ప్రణవి వైపు తిరిగింది. “బిడ్డా, ప్లాటు ఇస్తే ఇయ్యిండ్రి, లేకుంటె లేదు. భూమి సర్కారుదంటె సర్కారుదే. గా రెండు మాటలు కొట్టెయ్యి. అక్రమం అన్నది ఒకటి, గతంల లేదన్నది ఒకటి. కొట్టేస్తే ఇప్పుడే ముద్ర ఏస్త.”

“నేను కొట్టెయ్యరాదమ్మా. అందరికి ఒక్కటే ప్రింటు.”

“పెద్దసారును అడుగు.”

ప్రణవి స్టేజీ మీదికి పోయింది. పెద్ద అధికారి ఫోన్‌లో మాట్లాడుతూనే కాగితం చూశాడు, తల అడ్డంగా ఊపాడు, మళ్లీ ఫోన్‌లోకి పోయాడు. ఆయన తల మీద ‘వెడ్స్’ అన్న మాట ఒక దారం తెగి ఊగుతోంది. ప్రణవి తిరిగి వచ్చింది.

“కాదన్నరమ్మా.”

“అట్లయితే నేను ఏయ.”

“అయిదు దాటితే లిస్టుల కెల్లి పేరు తీసేస్తరు.”

“పేరు ఎక్కింది ఎక్కడ బిడ్డా, తీసేటందుకు?”

ప్రణవి ఇంటూ గుర్తు పెట్టిన కాగితాన్ని దొంతర అడుగున పెట్టి, నూట పదిహేను అని పిలిచింది. వెనకనున్న ముసలాయన బుగ్గమ్మను దాటుకుని కుర్చీలో కూర్చుని, బొటనవేలు చాపాడు. తర్వాత ఏమనుకున్నాడో ఏమో, వేలు వెనక్కి తీసుకుని, “జర నాది గూడ సదువు బిడ్డా” అన్నాడు.

తాండూరు బస్సులో బుగ్గమ్మకు కిటికీ పక్కన సీటు దొరికింది. మల్లేశ్ పక్కన కూర్చోలేదు. మూడు సీట్ల వెనక, ఎవరో పెద్దమనిషి పక్కన ఇరుక్కున్నాడు. హాలు నుంచి బస్టాండు దాకా పది అడుగులు ముందే నడిచాడు. నల్లా కనబడితే చేయి కడుక్కొమ్మని కూడా అనలేదు. కండక్టర్ వచ్చి ఆధార్ కార్డు చూసి, ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ చింపి ఇచ్చాడు. బుగ్గమ్మ ఎడమచేత్తో తీసుకుంది.

“కుడిచెయ్యికి ఏమైందమ్మా?”

“ఏం కాలే.”

రోడ్డు పక్కన బండల గుట్టలు మొదలయ్యాయి. పాలిషింగ్ యూనిట్ల ముందు నీళ్లు తెల్లటి బురదగా మడుగులు కట్టి ఉన్నాయి. వెనక సీటు నుంచి మల్లేశ్ దగ్గు వినిపించింది. ఒకసారి ఆగి, మళ్లీ మొదలై, చాలాసేపు సాగింది. బుగ్గమ్మ వెనక్కి తిరగలేదు, తిరిగే ధైర్యం ఆమెకు లేకపోయింది. ఎదుటి సీటు కడ్డీని ఎడమచేత్తోనే పట్టుకుంది. చెమటకు సిరా ఇంకా ఆరలేదు. చీర మీదా సీటు మీదా, ఎక్కడా ముద్ర పడకుండా, బొటనవేలిని పిడికిట్లోకి మడిచి గట్టిగా బిగించి కూర్చుంది.