పదకొండు కిలోల పాట

పొద్దున తొమ్మిదికి షాపు షట్టరు ఎత్తగానే టైలరమ్మ చేసే మొదటి పని మిషనుకు నూనె వేయడం. రెండోది, చెల్లెలు నిన్న ఎక్కడపడితే అక్కడ వదిలేసిన కత్తెర వెతుక్కోవడం. మూడోది రికార్డు పెట్టుకోవడం. ఇరవై రెండేళ్ళుగా ఈ మూడూ ఇదే వరసలో జరిగాయి. కిందటి నెల మూడోది ఆగిపోయింది. ప్లేయరు మోటారు కాలిపోయింది.

కాలిపోక ఏం చేస్తుంది పాపం. విన్న రికార్డు బరువెక్కుతుంది కదా. ఊరికే మోగించి వదిలేస్తే ఎక్కదు గానీ, మనసు పెట్టి వింటే విన్నప్పుడల్లా ఇంత చొప్పున ఎక్కుతుంది. అందరి ఇళ్ళలోనూ పది గ్రాములో ఇరవై గ్రాములో పెరిగిన రికార్డులు ఉంటాయి. టైలరమ్మది అలాంటిది కాదు. రికార్డులో ఆరు పాటలున్నా ఆమె సూది ఎప్పుడూ నాలుగో పాట మీదే దిగేది. చివరికొచ్చేసరికి దాన్ని దులపడానికి తియ్యాలన్నా చెల్లెలు రెండో వైపు పట్టుకోవాల్సి వచ్చేది.

నలభై ఏళ్ళ కిందట విడిపోయిన ఒక రాక్ బ్యాండు పాట అది. అద్దెకున్న గది ఖాళీ చేసి, ఇంటివాళ్ళకు తాళంచెవి తిరిగి ఇవ్వడానికి వెళ్ళి, ఇవ్వలేక గుమ్మంలో నిలబడిపోయిన మనిషి పాట. అభిమానులు దాన్ని తాళంచెవి పాట అంటారు. మొదటి నిమిషమంతా డ్రమ్మరు కాలితో పెద్ద డ్రమ్మును కొడుతూ ఉంటాడు, అంతే. తర్వాత ఒక్కొక్కరే వచ్చి చేరతారు.

ఆమె కుడిచెవి పోయి రెండేళ్ళయింది. ఎడమచెవి కూడా ఈ ఏడాది దాటదని చెవి డాక్టరు చెప్పాడు. చెప్పి, ఇంకేమైనా అడగాలా అన్నట్టు చూశాడు. అడగడానికేముంది. ఆ చెవి ఉన్నన్నాళ్ళూ ఆ పాట వినాలి, అంతకుమించి ఆమెకేమీ అక్కర్లేదు. తన ప్లేయరుకు మోటారు ఎక్కడా దొరకలేదు. ఆ కంపెనీ వాళ్ళు మోటార్లు చేయడం మానేసి చాలా కాలమైందట. ఇక మిగిలింది ఆ బ్యాండు అభిమాన సంఘం ప్లేయరు. రేడియో స్టేషను వాళ్ళు తీసేసినప్పుడు కొన్నది, బీరువాకు సగం ఉంటుంది. ఏటా సంఘంలో ఎవరు మెచ్చిన పాటకు మొదటి స్థానం వస్తే ఏడాదంతా అది వాళ్ళింట్లో ఉంటుంది. పందొమ్మిదేళ్ళుగా అధ్యక్షుడి ఇంట్లోనే ఉంది.

ఎందుకంటే మార్కుల పద్ధతి కనిపెట్టింది అధ్యక్షుడే. ఆయన తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. గిటారుకు ముప్పై మార్కులు, గొంతుకు ఇరవై, డ్రమ్ములకు పది, నిడివికి నలభై. ఆయన మెచ్చిన ఇనుప వంతెన పాట పదకొండు నిమిషాలు. మిగతాది వేరే చెప్పాలా. మొదటి పది పాటల పేర్లూ సంఘం సమావేశమయ్యే పళ్ళ డాక్టరుగారి క్లినిక్కులో, పంటి బొమ్మ పక్కన అట్ట మీద అందంగా రాసి ఉంటాయి. అట్టకు అడుగున చిన్న అక్షరాలతో 'ఇతరాలు' అని ఒక లైను. తాళంచెవి పాట ఏటా అందులో ఉంటుంది. ఇతరాలట. పంచాయితీ ఆఫీసులో ఖర్చు రాసినట్టు.

ఈ ఏడాది ర్యాంకులు తేల్చే ఆదివారం పదింటికి సంఘం సభ్యులు తొమ్మిది మందీ క్లినిక్కులో చేరారు. అధ్యక్షుడి ఇంటినుంచి సంఘం ప్లేయరును కూడా మోయించి తెచ్చారు. పేషెంట్లు కూర్చునే కుర్చీల్లోనే కూర్చున్నారు. టైలరమ్మ ఎప్పటిలా ఎడమచెవి అధ్యక్షుడి వైపు ఉండేలా కూర్చుంది.

"నిడివికి నలభై మార్కులేంటండీ? మనమేమైనా గుడ్డ కొలుస్తున్నామా?" అంది లేస్తూనే.

"ఏటా ఇదే మాట. ఆ పాటలో మొదటి నిమిషం ఏమీ లేదమ్మా. మిగతా వాళ్ళు స్టూడియోకి ఆలస్యంగా వస్తే ఆ డ్రమ్మరు ఊసుపోక కాలు ఆడించాడు. అది పొరపాటున రికార్డయింది," అన్నాడు అధ్యక్షుడు.

"మీరు అక్కడున్నారా?"

"చదివాను."

"చదివారు సరే. విన్నారా?"

పళ్ళ డాక్టరు దగ్గాడు. ఆయనకు గొడవలంటే పడదు. రోజంతా నోరు తెరవమని అందరికీ చెప్పే ఆ పెద్దమనిషి, సంఘంలో మాత్రం తన నోరు తెరవడు.

"ఈ పాటలు ఆడవాళ్ళకు నచ్చుతాయి, కాదనను," అన్నాడు అధ్యక్షుడు, ఏదో దానం చేస్తున్నట్టు. "మెల్లగా ఉంటాయి. కుట్టుకుంటూ వినొచ్చు. ర్యాంకు వేరే విషయం."

టైలరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. కుట్టుకుంటూ వింటే విన్నట్టు కాదా? కాళ్ళూ చేతులూ ఆడుతుంటే మనసు ఆగిపోతుందా? పందొమ్మిదేళ్ళు ఈ మాటకు నోరు మూసుకుని కూర్చున్నందుకు ముందు తన మీద తనకే కోపమొచ్చింది.

"తూచండి," అంది.

"ఏంటి?"

"మార్కులొద్దు. ఎవరి రికార్డు వాళ్ళు తెచ్చుకోండి. కాటా మీద పెట్టండి. ఎవరు ఎంత విన్నారో అదే చెబుతుంది."

పాత కాగితాలు కొనే ఆయన కుర్చీలోంచి లేచాడు. ఆయన్ని అందరూ కాటా అన్నయ్య అంటారు. "చెల్లెమ్మ అడిగిందాంట్లో తప్పేముంది? నా కొట్టు ఎదురుగానే ఉంది. కాటా తెస్తాను, చిన్న త్రాసు కూడా తెస్తాను," అన్నాడు. చేతులెత్తమంటే ఆరు చేతులు లేచాయి. అధ్యక్షుడు కూడా కాదనలేదు. జీవితమంతా కాటాలకు ముద్రలు వేసిన మనిషి, కాటా వద్దని ఏ మొహం పెట్టుకుని అంటాడు. పైగా తన దగ్గరున్నన్ని రికార్డులు ఎవరి దగ్గరా లేవని ఆయన ధీమా. కాటా రాగానే తనే వంగి, ముల్లు చూసి, రాళ్ళు చేతిలో వేసుకుని, "సరిగ్గా ఉంది. దీని మాటకు తిరుగులేదు," అని అందరికీ వినపడేలా చెప్పాడు.

అందరూ ఇళ్ళకెళ్ళి తమ తమ రికార్డులు తెచ్చుకున్నారు. పళ్ళ డాక్టరు రికార్డు నూట తొంభై గ్రాములు తూగింది. ఆయన సిగ్గుపడుతూ సంతోషించాడు. తర్వాత అధ్యక్షుడు తన ఇనుప వంతెనను మూడు కవర్లలోంచి బయటికి తీశాడు. అద్దంలా మెరుస్తోంది, ఒక్క గీతా లేదు. త్రాసులో పెట్టారు. నూట నలభై. కొన్నప్పుడు ఎంతో అంతే.

కాటా అన్నయ్య రాళ్ళు మార్చి మళ్ళీ తూచాడు. నూట నలభయ్యే.

"అరిగిపోతుందని బయటికి తియ్యను. జాగ్రత్త అనేది ఒకటుంటుంది," అన్నాడు అధ్యక్షుడు. చెవులు ఎర్రబడ్డాయి.

టైలరమ్మా చెల్లెలూ తమ రికార్డును గోనెసంచీలో పెట్టి చెరో వైపు పట్టుకుని మెట్లెక్కి తెచ్చారు. త్రాసు పనికిరాదు గనక కాటా మీద పెట్టారు. పదకొండు కిలోల రెండు వందలు. కాటా అన్నయ్య చెమట తుడుచుకుని, "సంఘం ప్లేయరు నీ షాపుకు ఏ బండి మీద పంపమంటావు చెల్లెమ్మా?" అన్నాడు.

అప్పుడు చెయ్యెత్తాడు అధ్యక్షుడు. "ఆగండి. ముందు అది మన ప్లేయరు మీద తిరగాలి కదా."

తిరగాలి, నిజమే. ఎక్కించారు. స్విచ్చు వేశారు. పళ్ళెం మూలిగింది. ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టులో సగం తిరిగి ఆగింది, వెనకనుంచి సన్నగా పొగ వచ్చింది. అధ్యక్షుడు పరుగెత్తి ప్లగ్గు పీకేశాడు. పీకి, ఇటు తిరిగేసరికి ఆయన మొహం మళ్ళీ మామూలైపోయింది.

"ప్లేయరు మీద తిరగని పాటకు ర్యాంకేమిటి? మినిట్సు పుస్తకంలో రాసుకోండి. రెండు వందల గ్రాములు దాటిన రికార్డులు ఇకనుంచి పోటీకి అనర్హం."

"కాటా మాటకు తిరుగులేదన్నది మీరే కదండీ," అంది టైలరమ్మ.

"బరువు విషయంలో తిరుగులేదమ్మా. ర్యాంకు విషయంలో కాదు."

ఆమె చుట్టూ చూసింది. ఇందాక లేచిన ఆరు చేతులూ ఒళ్ళోకి చేరాయి. పళ్ళ డాక్టరు తన గోళ్ళను ఎప్పుడూ చూడనట్టు చూసుకుంటున్నాడు. కాటా అన్నయ్య ఒక్కడే, "ఇది అన్యాయమండీ," అన్నాడు. అతని మాట ఎవరూ చెవిన వేసుకోలేదు. అధ్యక్షుడి సంగతి ఆమెకు ముందే తెలుసు. గోళ్ళు చూసుకునేవాళ్ళను చూస్తేనే ఆమె ఒళ్ళు మండిపోయింది. సంచీ ఎత్తుకుంది. చెల్లెలు సంచీ రెండో కొస పట్టుకునేదాకా కూడా ఆగలేదు. ఒక్కతే మెట్లు దిగింది.

షాపుకొచ్చి మిషను ముందు కూర్చుంది. కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. ఇతరాలట. తొక్కింది. కుట్టుకుంటూ వినొచ్చట. ఇంకా తొక్కింది. చెవి డాక్టరు ఇచ్చిన గడువులో ఒక ఆదివారం ఈ వెధవ సంఘానికి పోసినందుకు మరీ తొక్కింది.

"అక్కా, కింద గుడ్డ లేదు," అంది చెల్లెలు.

"తెలుసు."

"మరి దేన్ని కుడుతున్నావు?"

"వాళ్ళ నోళ్ళను."

చెల్లెలు నవ్వి, అంతలోనే ఆగింది. "అక్కా, నీ కాళ్ళు చూడు."

చూసుకుంది. కోపంలో తొక్కినా కాళ్ళు తమ లెక్క తప్పలేదు. తాళంచెవి పాట మొదటి నిమిషం, ఆ డ్రమ్మరు కాలి దెబ్బ, అచ్చంగా అదే వేగం. ఇరవై రెండేళ్ళు ఆ పాటతో పాటు తొక్కిన కాళ్ళు అవి. తొక్కినప్పుడల్లా తోలు బెల్టు కింది చక్రం మీంచి పైకి పోయి కిందికి వస్తోంది. ఆమె బెల్టు వైపు చూసింది. మూల బల్ల మీద, మోటారు పోయినా మిగతాదంతా బాగున్న తన ప్లేయరు వైపు చూసింది. తర్వాత చెల్లెలి వైపు చూసింది.

"పాత బెల్టు ముక్క ఎక్కడ పెట్టావు?"

కత్తెర పెట్టిన చోటే పెట్టానంది చెల్లెలు, అంటే ఎక్కడో తెలియదని అర్థం. వెతికి తీసి, రెండు బెల్టులనూ తీగ కొక్కేలతో కలిపి, కింది చక్రం మీంచి ప్లేయరు పళ్ళెం చుట్టూ తిప్పి బిగించడానికి మధ్యాహ్నం దాటింది. ముందు పరీక్షకు చెల్లెలు తన కొత్త రికార్డు వేసింది. తేలిక రికార్డు, కాలి ఊపుకల్లా పాట వంకర్లు పోయింది, పాడేవాడు బావిలో పడి లేస్తున్నట్టుంది. దాన్ని తీసేసి పదకొండు కిలోలదాన్ని ఎక్కించారు. టైలరమ్మ చెప్పులు విడిచి పెడలు మీద కాళ్ళు పెట్టి తొక్కింది. మొదట్లో బండరాయిని తోసినట్టుంది. ఒకసారి కదిలాక ఆ బరువే దాన్ని నడిపించింది. కాలు ఎక్కువ తక్కువైనా వేగం ఇసుమంత మారలేదు. సూది దించింది.

డ్రమ్ము దెబ్బ చెవికంటే ముందు అరికాళ్ళకు తగిలింది. ఇనుప స్టాండులోంచి, పెడల్లోంచి పైకొచ్చింది. ఆమె ఉలిక్కిపడి చెల్లెల్ని చూసింది. చెల్లెలు కూడా చెప్పులు విడిచి నేల మీద నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మూడు వారాల తర్వాత ఒక మంగళవారం పొద్దున చెల్లెలు కత్తెర కింద పడేసింది. చప్పుడు రాలేదు. షట్టరు ఎత్తినప్పుడు కూడా రాలేదని టైలరమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. తర్వాత మిషనుకు నూనె వేసింది, కత్తెర తీసి బల్ల మీద పెట్టింది, రికార్డు పెట్టుకుంది.

డ్రమ్ము అరికాళ్ళలోకి వచ్చింది. ఆలస్యంగా వచ్చారని అధ్యక్షుడు నింద వేసినవాళ్ళు తమ వేళకు తాము సరిగ్గా వచ్చారు, బేసు గిటారు మోకాళ్ళ దాకా, గిటారు పిక్కల్లో సన్నగా. ఆఖర్న పాడేవాడి గొంతు. గుమ్మంలో ఆగి అతను ఊపిరి తీసుకోవడం కూడా తెలిసింది. చెవులున్నప్పుడు అది ఎన్నడూ ఆమెకు వినపడలేదు. ఏడ్చింది. కాళ్ళు ఆపకుండానే ఏడ్చింది. ఏడుస్తూ కూడా సంఘాన్ని నాలుగు తిట్టింది, ఆ కోపం ఎక్కడికీ పోలేదు మరి.

ఒకళ్ళ నోట ఒకళ్ళు విని జనం రావడం మొదలైంది. కాటా అన్నయ్య రోజూ వచ్చేవాడు. పళ్ళ డాక్టరు వచ్చి ఒక మూల నిలబడి, గోళ్ళు చూసుకోకుండా విని వెళ్ళాడు. నెల తిరిగేసరికి, ఆదివారం క్లినిక్కులో అధ్యక్షుడికి ఎదురుగా ఎనిమిది ఖాళీ కుర్చీలు మిగిలాయి.

ఆ మర్నాడు ఆయనే షాపుకొచ్చాడు. తళతళలాడే బూట్లు, చేతిలో మడత పెట్టిన కాగితం. గుమ్మంలో నిలబడి ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. పెదవులు చాలాసేపు కదిలాయి. సంజాయిషీ కావచ్చు, కొత్త మార్కుల పద్ధతి కావచ్చు. టైలరమ్మ గుండీ కుట్టడం పూర్తి చేసి, దారం కొరికి, తలెత్తింది.

"బూట్లు విప్పండి," అంది.

ఆయన చెల్లెలి వైపు చూశాడు. వంగి, లేసులు విప్పి, మేజోళ్ళు కూడా తీసి, తెల్లగా పాలిపోయిన పాదాలతో నేల మీద నిలబడ్డాడు. టైలరమ్మ తొక్కింది.

మొదటి నిమిషంలో ఆయన మొహంలోని పెద్దరికమంతా ఎటో పోయింది. రెండో చరణానికి బల్ల అంచు పట్టుకున్నాడు. పాట అయిపోయాక కూడా వదల్లేదు. తర్వాత చేతిలో కాగితం విప్పి, జేబులో పెన్ను తడుముకుంటూ, మళ్ళీ పెదవులు కదిలించాడు.

"నాకు వినపడదండీ," అంది టైలరమ్మ, సూదిని మళ్ళీ నాలుగో పాట మొదట్లో పెడుతూ. "ఆ కాగితం లోపల పెట్టండి. ఇంకోసారి వేస్తున్నాను, కదలకుండా నిలబడండి."