సగం వీధి గోడ

ఏటి గట్టున కడుతున్న వరద గోడ సరిగ్గా వీధి మధ్యకు వచ్చి ఆగిపోయింది. నిధులు అయిపోయాయన్నారు. ఏరు పొంగితే పై సగంలో పొయ్యిలు వెలుగుతూనే ఉన్నాయి. కింది సగంలో మంచాలు తేలాయి.

రాళ్లు మోసే చిన్నకోడలు తడిసిన బియ్యం ఆరబోస్తూ ఎగువకు చూసింది. అక్కడ తోడికోడలు పొడిగా ఉన్న గుమ్మాన్ని మళ్లీ తుడుస్తోంది. ఇల్లు మునిగినందుకు కాదు, ఆ గుమ్మం తడవనందుకు ఏడ్చింది చిన్నకోడలు. "దేవుడా, నాకు గోడ ఇవ్వకపోతే పోనీ, దానిది కూల్చు" అని మొక్కుకుంది. ఇలా మొక్కవచ్చా అని మనసు అడిగింది. అయినా మొక్కుకుంది.

మర్నాడు వార్డు పెద్ద వచ్చాడు.

"వాతావరణం మారిందట! మా తాతల నాడు వరదలు రాలేదా? జనం సొమ్ము ఏట్లో పోశారు. ఆ గోడ వల్లే నీళ్లు మీ మీదికి తిరిగాయి. పీకెయ్యండి. రాళ్లు నా గోడౌను దగ్గర దింపితే రెట్టింపు కూలి."

కింది సగమంతా గడ్డపారలు పట్టుకుని బయల్దేరింది. తోడికోడలు అడ్డం వచ్చింది.

"ఒసేయ్, నా కొంప ముంచితే నీ కొంప తేలుతుందా?"

"తేలదక్కా. పక్కన నువ్వూ మునుగుతావు, అది చాలు."

గోడ నుంచి పీకిన రాళ్ల మొదటి తట్టతో చిన్నకోడలు గోడౌను చేరింది. అక్కడ బస్తాల కింద నడుమెత్తు కొత్త అరుగు! గోడౌను చుట్టూ మరో వరద గోడకు పునాది!

"అయ్యా, ఏమీ మారలేదన్నారు. మరి మీ బస్తాలకెందుకు ఇంత భయం?"

"నోరు మూసుకుని దింపు."

ఆమె దింపలేదు. తట్టతోనే వెనక్కి తిరిగింది. వెనకున్న తాపీమేస్త్రీ, కూలీలు అందరూ తిరిగారు.

గోడ దగ్గర రెండు సగాలూ జుట్టూజుట్టూ పట్టుకున్నంత పనైంది. "ముందు మా రాళ్లు పెట్టండి!" "మరి మా వైపు ఎవడు కడతాడు?" చివరికి మేస్త్రీ అరిచాడు: "గోడౌనుకు దొరికిన రాయి మన వీధికి దొరకదా? అందరం వెళ్లి అడుగుదాం!"

రాళ్లు తిరిగి పేర్చారు. వీధంతా కలిసి వార్డు ఆఫీసు గుమ్మంలో కూర్చుంది. పోలీసులు వచ్చారు. ప్రభుత్వ గోడ కూల్చిన నేరమంటూ చిన్నకోడల్ని వ్యాను ఎక్కించారు. కూల్చమన్నవాడు కిటికీలోంచి చూస్తున్నాడు.

తోడికోడలు చెంగు బిగించి వ్యానెక్కింది.

"నువ్వెందుకమ్మా? నీ గోడ నీకుందిగా" అన్నాడు పోలీసు.

"దీన్నొక్కదాన్నే పంపితే పేరంతా ఇదే కొట్టేస్తుంది. జరగవే!"

చిన్నకోడలు జరిగింది. మేస్త్రీ ఎక్కాడు. పై సగం, కింది సగం తోసుకుంటూ ఎక్కాయి. వ్యాను చాల్లేదు. మిగిలినవాళ్లు దాని వెనకే నడిచారు, గొంతెత్తి:

"గోడ పూర్తి చెయ్యండి!"