దండెం మీద పదకొండో చొక్కా

సోమవారం బట్టలుతికే రోజు. తెల్లారేసరికల్లా బొగ్గు గనుల ఊరు క్రాగ్‌షాలో ప్రతి ఇంటి వెనకా నీళ్లు మరుగుతుంటాయి. థిర్జా హోల్‌రాయ్డ్ కాగులో మాత్రం ఇంటి బట్టల తర్వాత ఫుట్‌బాల్ క్లబ్బు చొక్కాలు పదకొండూ ఉడికేవి. అన్నీ ఎరుపూ తెలుపూ చారలవే అయినా ఏది ఎవరిదో ఆవిడ కళ్లు మూసుకుని చెప్పగలదు. భర్త జేబెజ్ పదకొండేళ్లుగా ఆ జట్టు మధ్యవరుసలో ఎడమ పక్కన ఆడుతున్నాడు.

నీళ్లు పిండి దండెం మీద వేయగానే ఆ చొక్కాలు శనివారం నాటి ఆటను మళ్లీ ఆడేవి, గాలి ఉన్నా లేకపోయినా. క్లిప్పులు వదులిచ్చినంత మేర జరిగేవి, ఒకదాన్నొకటి తోసుకునేవి. చేతులన్నీ ఎటు తిరిగితే బంతి అటు ఉందన్నమాట. శనివారం ఇల్లు కదలలేని ఆడవాళ్లు బంగాళాదుంపల తొక్క తీసుకుంటూ సందులో కూర్చుని చూసేవారు. క్లబ్బు పెద్ద, మాంసం కొట్టు క్లెగ్ కూడా వచ్చి గోడ వారన నిలబడేవాడు. శనివారం అందరి కళ్లూ బంతి మీదే ఉంటాయనీ, మనిషి కనపడేది సోమవారమేననీ అతని లెక్క. మరుసటి ఏడాదికి ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపాలో ఏప్రిల్ ఆఖరి సోమవారం ఆ సందులోనే తేల్చేవాడు.

ఆ ఏడాది ఏప్రిల్‌కి జేబెజ్ ఎడమ మోకాలు పనికిరాకుండా పోయింది. ట్రైనర్‌కి తెలియనివ్వలేదు. థిర్జా వేడి తవుడు మూటతో రోజూ కాపడం పెట్టేది. క్లబ్బు జాబితాలోంచి పేరు పోతే అతనికి మిగిలేది బొగ్గు గని. పంతొమ్మిదో ఏట ఆ గనిలోంచే పైకొచ్చాడు. బంతి పెట్టే తిండి ఎన్నాళ్లో ఎవరు చెప్పొచ్చారని, అతని గని బూట్లకు థిర్జా ఏటా క్రిస్మస్‌కి తోలు ఎండిపోకుండా కొవ్వు రాసి తలుపు వెనక ఉంచేది. ఆ బూట్లంటే ఆవిడకి భయం.

అంతవరకూ చొక్కాలో ఆ కుంటు బయటపడలేదు. ఆ ఆఖరి సోమవారం జేబెజ్ చొక్కా పిండుతుంటే, ఆవిడ చేతుల్లోనే అది ఎడమకి ఒరిగి ఈడ్చుకుంటూ నడిచింది. థిర్జా దాన్ని తీసుకెళ్లి వంటింట్లో పొయ్యి పైన ఆరేసింది.

పొయ్యి పక్కనే కూర్చున్న జేబెజ్ చూశాడు. "బయట వెయ్యవా?"

"చిరిగింది, కుడుతున్నానంటాను."

"క్లెగ్ నమ్ముతాడా?"

"నమ్మకపోతే మానె. మీ నాన్నని గనిలోంచి తలుపు చెక్క మీద మోసుకొచ్చిన రోజు నేనూ ఈ వాకిట్లోనే ఉన్నానయ్యా. నిన్నలా చూడలేను."

ఆవిడ పది చొక్కాలే బయట వేసింది. మొన్న పదిమందే ఆడారేమిటమ్మా అని పక్కింటి ముసలమ్మ ఎగతాళి చేసింది. థిర్జా కుట్టు సంగతి చెప్పింది. క్లెగ్ తలూపాడు.

ఆట మొదలైంది. కాసేపటికి పది చొక్కాల చేతులూ ఎడమ పక్క ఖాళీ వైపు తిరిగాయి. బంతి అక్కడికి వెళ్లింది. అందుకునేవాడు లేడు. పదీ అలాగే చేతులు చాచి కొంతసేపు ఎదురుచూసి, చివరికి తడిగుడ్డల్లా వేలాడిపోయాయి.

వంటింటి కిటికీలోంచి జేబెజ్ అంతా చూశాడు. చొక్కా అందుకుని, అందరి ముందూ కుంటుకుంటూ వచ్చి, తన చోట తనే తగిలించాడు.

"ఇది కూడా చూడండి, క్లెగ్ గారూ."

ఆట మళ్లీ మొదలైంది. చొక్కా కుంటింది. ఆట పొడుగునా జానెడు దాటి కదల్లేదు. కానీ ఎప్పుడు ఎక్కడికి బంతి రావాలో అక్కడికి అది ముందే ఒరిగి ఉండేది. మిగతా పదీ దాన్ని చూసుకునే ఆడాయి.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాడు క్లెగ్.

"జనవరి నుంచి. పరుగెత్తలేనివాడు ముందే వెళ్లి నిలబడాలి కదండీ."

క్లెగ్ చాలాసేపు దండెం వైపే చూశాడు. "జాబితాలో నీ పేరు ఉండదు జేబెజ్."

థిర్జా తొట్టి అంచు పట్టుకుంది.

"కానీ ఈ ముందే నిలబడటం ఉందే, అది మా కుర్రాళ్లకి నువ్వు క్లబ్బు జీతం మీద నేర్పాలి."

"బంతి లేకుండా నేర్పలేనండీ."

వారం మధ్యలో ఆటగాళ్లకి బంతి చూపిస్తే శనివారానికి దాని మీద ఆకలి చస్తుందని ఆ క్లబ్బులో తాతలనాటి నియమం. ఆరు రోజులూ ఉత్త పరుగులే. క్లెగ్ ఆ నియమాన్ని నమిలి నమిలి చివరికి మింగాడు. "మంగళవారం ఒక్కరోజు. సరేనా?"

జేబెజ్ సరేనన్నాడు. లోపలికొచ్చి పొయ్యి ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గని తప్పింది, ఆటా పోయింది. థిర్జా ఓదార్చలేదు, పక్కన కూర్చుంది.

సెప్టెంబరులో ఆటలు మళ్లీ మొదలయ్యాక మొదటి సోమవారం ఆవిడ పదకొండు చొక్కాలు ఆరేసింది. ఎడమ పక్క కొత్త కుర్రాడిది. దండెం చివర జేబెజ్ శిక్షణకు తొడుక్కునే బూడిదరంగు ఉన్ని బనీను వేసింది. అది కుంటలేదు, కదల్లేదు. ఆట మొదలయ్యే ముందు పదకొండు చొక్కాలూ ఒక్కసారి దానివైపు చేతులు తిప్పాయి.

థిర్జా లోపలికెళ్లి తలుపు వెనక ఉన్న గని బూట్లు తీసింది. సందులోకొచ్చిన పాతసామాన్లవాడికి ఇచ్చేసింది.